ఊదమనే ముందు ఒక్క మాట

విశాఖపట్నం జిల్లా ఆరోగ్య అధికారులకు, నగరపాలక సంస్థ పెద్దలకు, పెదగంట్యాడ వైపు మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు తయారుచేస్తున్న ఇంజినీరు పిల్లలకు నమస్కారం.

నేను ఈ ఊళ్ళోనే ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. పని అంటే చాలావరకు తెమడ పరీక్షే. జనం చిన్న ప్లాస్టిక్ డబ్బాలో తెచ్చిచ్చిన కఫాన్ని గాజు పలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద టీబీ క్రిముల కోసం వెతికేదాన్ని. కార్బాల్ ఫుక్సిన్ పోసి, అడుగు నుంచి మంట చూపిస్తే సన్నగా ఆవిరి లేస్తుంది. తర్వాత యాసిడ్‌తో కడిగి మిథిలీన్ బ్లూ వేస్తాం. నీలం రంగు మీద ఎర్రటి సన్న పుల్లల్లాగా కనిపిస్తే అదే టీబీ. ఒక పలకలో వంద చోట్ల చూడాలి. చీర కొంగుకు ఆ ఎర్ర మరక ఒకసారి అంటిందంటే ఇక చీర చిరిగేదాకా ఉంటుంది.

మొన్న మా అబ్బాయి ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. ఊపిరిని బట్టి జబ్బు ఉందో లేదో చెప్పే యంత్రమట. ఒకాయన దాని గొట్టంలో ఊదుతాడు, నిమిషం తిరక్కుండానే తెర మీద ఆకుపచ్చ రంగు వస్తుంది, ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోతాడు. "చూశావా అమ్మా, నీ ఉద్యోగం పోయింది" అన్నాడు. ఎలాగూ రిటైరయ్యాను కాబట్టి బాధేమీ లేదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇవి ఇవాళ కాకపోతే రేపు మన ఊరికీ వస్తాయి. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గరో, రైల్వే స్టేషన్ మెట్ల దగ్గరో, కంపెనీ గేట్ల దగ్గరో పెట్టాలని ఎవరో ఒకరు అంటారు. అవి వచ్చాక రాస్తే నా ఉత్తరం ఫిర్యాదుల కట్టలో చేరుతుంది. అందుకే రాకముందే రాస్తున్నాను.

ముందుగా ఒకటి చెప్పాలి. నేను ఈ యంత్రాలకు వ్యతిరేకిని కాను. రావాలని అందరికంటే ఎక్కువ కోరుకునేది నాలాంటి వాళ్ళే. ఎందుకంటే తెమడ పరీక్షలో అసలు కష్టమంతా తెమడ దగ్గరే ఉంది. పొద్దున్నే నోరు పుక్కిలించి, గుండెల నిండా గాలి పీల్చి, అడుగు నుంచి దగ్గి తియ్యండని ఎన్ని వేలసార్లు చెప్పానో. చెప్పి, చేసి చూపించి, ఆఖరికి నాకే దగ్గు వచ్చేది. అయినా సగం డబ్బాల్లో నీళ్ళలాంటి ఉమ్మే ఉండేది. జాలారిపేట నుంచి ఒక పెద్దామె మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ ఉమ్మే తెచ్చింది. "ఏటి సెయ్యమంతావమ్మా, లోపలున్నాది రాదు, పైనున్నాదే వస్తంది" అంది. ఆమెను కసురుకున్నాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మైక్రోస్కోపులో ఒక్క క్రిమి కనబడాలంటే మిల్లీలీటరు కఫంలో అయిదు నుంచి పదివేల దాకా క్రిములు ఉండాలి. ఆమె తెచ్చిన ఉమ్మిలో ఏం కనబడుతుంది?

పిల్లల సంగతి ఇంకా ఘోరం. నాలుగేళ్ళ పిల్లకి ఉమ్మడం రాదు, కఫం మింగేస్తుంది. అందుకని పరగడుపున ముక్కులోంచి కడుపులోకి సన్న గొట్టం దించి, మింగిన కఫాన్ని పైకి లాగాలి. తల్లి చేతులు పట్టుకుంటుంది, నర్సు తల పట్టుకుంటుంది, పిల్ల ఏడుపు కారిడార్ చివరి దాకా వినిపిస్తుంది. ఆ పిల్లని బుడగ ఊదమన్నట్టు ఊదమంటే సరిపోయే రోజు వస్తే, అలాంటి యంత్రాన్ని పసుపు కుంకుమ పెట్టి లోపలికి తెచ్చుకుంటాను.

కాబట్టి ఊపిరి పరీక్ష మంచిదా కాదా అన్నది కాదు నేనడిగేది. దాన్ని ఎక్కడ పెడతారు, ఎవరి ఊపిరితో దానికి పాఠం చెప్పి తెస్తారు అన్నది నా ప్రశ్న.

ఊపిరిని బట్టి రోగం పసిగట్టడం మనుషులకు కొత్త కాదు. షుగరు బాగా ముదిరి స్పృహ తప్పే స్థితికి వచ్చిన మనిషి ఊపిరిలో ముగ్గిన పండు వాసన వస్తుంది, అది అసిటోన్. కిడ్నీలు చెడిపోయిన మనిషి దగ్గర అమ్మోనియాలాంటి ఘాటు వస్తుంది. పాత డాక్టర్లు రోగి మంచం దగ్గర వంగగానే సగం తేల్చేసేవాళ్ళు. 1971లో లైనస్ పాలింగ్ మనిషి ఊపిరిని చల్లటి గొట్టంలో గడ్డకట్టించి విడదీసి చూస్తే 250 దాకా పదార్థాలు బయటపడ్డాయి. ఇప్పుడు ఆ లెక్క ఇంకా చాలా పెరిగింది. వంటికి జబ్బు చేసినప్పుడు ఒంట్లో జరిగే మంట, వాపు వల్ల ఆల్డిహైడ్లు, కీటోన్లు అనే ఆవిరయ్యే పదార్థాలు కొన్ని ఎక్కువవుతాయి, కొన్ని తగ్గుతాయి. అవి రక్తంలోంచి ఊపిరితిత్తుల్లోకి, అక్కడ్నుంచి బయటికి వస్తాయి. వంద కోట్ల వంతుల్లో ఒకటి, రెండు వంతులన్నంత తక్కువగా ఉంటాయి. వాటిని పట్టేదాన్నే ఎలక్ట్రానిక్ ముక్కు అంటున్నారు. (మన ఊరికి ముక్కు ముందే ఉంది, సముద్రంలోకి సాగిన డాల్ఫిన్ నోస్ కొండ. అది ఇన్నేళ్ళుగా ఏం వాసన పీలుస్తోందో చెబితే వినాలని ఉంటుంది.)

ఇంకో రకం కూడా ఉంది. వాసన జోలికి పోకుండా, ఊపిరితో పాటు బయటికి వచ్చే క్రిమినే పట్టడం. బ్రిటన్‌లోని లెస్టర్ యూనివర్సిటీ వాళ్ళు, దక్షిణాఫ్రికాలో ప్రిటోరియా వాళ్ళు కలిసి మాస్కు లోపల చిన్న పట్టీ అంటించి, దాన్ని రోగులకు తొడిగి, ఆ పట్టీ మీద టీబీ క్రిమి జాడ ఉందేమో చూశారు. 2020లో ఆ వివరాలు ప్రచురించారు. ఇది నిమిషంలో తేలేది కాదు, పట్టీని మళ్ళీ ల్యాబుకు పంపాలి. కానీ నాలాంటి వాళ్ళకు దీని మీద నమ్మకం ఎక్కువ. ఎందుకంటే అందులో దొరికేది దొంగే. వాసన యంత్రానికి దొరికేది దొంగ పారిపోతూ రేపిన దుమ్ము.

మన పోలీసులు బీచ్ రోడ్డు మీద ఊదిస్తారు కదా, అది బాగానే పనిచేస్తోంది కదా అనొచ్చు. పనిచేస్తుంది. ఎందుకంటే అక్కడ వెతికేది ఒకే ఒక్క పదార్థం. మందు తాగితే ఆల్కహాల్ రక్తంలో కలుస్తుంది, ఊపిరిలోకి వస్తుంది. రక్తంలో ఎంతుందో ఊపిరిలో దాదాపు దానిలో 2,100వ వంతు ఉంటుందని లెక్క. చట్టంలో హద్దు కూడా స్పష్టం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబాక్టర్ పైలోరీకి ఎప్పట్నుంచో ఉన్న ఊపిరి పరీక్ష కూడా ఇలాంటిదే. ఆ క్రిమిని కనిపెట్టిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ ఇచ్చారు. ఆ పరీక్షలో గుర్తు పెట్టిన కార్బన్ ఉన్న యూరియా తాగిస్తారు. క్రిమి ఉంటే యూరియాని విరగ్గొడుతుంది, ఆ గుర్తు ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఊపిరిలో వస్తుంది. మనం ఒక ప్రశ్న వేస్తాం, క్రిమి జవాబిస్తుంది. మధ్యలో గందరగోళం తక్కువ.

టీబీకీ, కోవిడ్‌కీ అలాంటి ఒకే ఒక్క వాసన లేదు. నాలుగైదో, పదో పదార్థాలు ఏ పాళ్ళలో కలిసి ఉన్నాయో చూసి యంత్రం ఊహిస్తుంది. పక్కింట్లో చేపల పులుసా, వంకాయ వేపుడా అని మనం గుమ్మంలోంచే చెప్పేస్తాం. మన వీధి కాబట్టి చెప్తాం. తీసుకెళ్ళి కాశ్మీర్‌లో నిలబెడితే ఏ ఇంట్లో ఏం వండుతున్నారో మన ముక్కుకు అంతుపట్టదు. యంత్రం పరిస్థితీ అంతే. అది ఎవరి ఊపిరితో నేర్చుకుందో వాళ్ళ మధ్యే తెలివిగా ఉంటుంది.

మరి మన ఊపిరి ఎలాంటిది?

మత్స్యకారుల పేటల్లో, చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ అడ్డపొగ తాగే అవ్వలున్నారు. చుట్ట నిప్పు నోటి లోపల పెట్టుకుని తాగుతారు. బయటి ఊళ్ళ వాళ్ళు చూస్తే నోరెళ్ళబెడతారు. డల్లాస్‌లోనో, ఆమ్‌స్టర్‌డామ్‌లోనో నేర్చుకున్న యంత్రం ఆ అవ్వ ఊపిరిని ఏమనుకుంటుంది? పాత ఊరి వైపు, జ్ఞానాపురం వైపు ఉండేవాళ్ళు కిటికీ గట్టు తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది, పోర్టులో బొగ్గు దించే ఊరు మనది. రిఫైనరీ పక్కన బతికేవాళ్ళున్నారు. ఏజెన్సీ నుంచి, పాడేరు, అరకు నుంచి పెద్దాసుపత్రికి వచ్చేవాళ్ళు కట్టెల పొయ్యి పొగలో పెరిగినవాళ్ళు. రొయ్యల షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళు రోజంతా క్లోరిన్ నీళ్ళ మధ్య నిలబడతారు. మనం పీల్చిన గాలే కాసేపటి దాకా మన ఊపిరితో తిరిగి బయటికి వస్తుంటుంది. అందుకే కొన్ని పరిశోధనల్లో ముందు కొన్ని నిమిషాలు శుభ్రమైన గాలి పీల్పించి, అప్పుడు ఊదమంటారు. బస్టాండులో ఎవరు పీల్పిస్తారు? 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడినప్పుడు జనం నిద్రలోనే ఊపిరాడక పడిపోయారు. ఆ స్టైరీన్ కూడా ఈ యంత్రాలు లెక్కపెట్టే ఆవిరుల జాతిదే. ఈ ఊళ్ళో గాలి గురించి మాట్లాడుతుంటే నాకు అది గుర్తు రాకుండా ఉండదు.

ఉపవాసాలు ఉండనే ఉన్నాయి. కార్తీక సోమవారం పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి సాయంత్రానికి ఊదితే అసిటోన్ పెరిగి ఉంటుంది. రంజాన్ నెలలో రోజా ఉన్నవాళ్ళకీ అంతే. ఇక షుగరు. మా వీధిలో షుగరు లేని ఇల్లు చూపించమంటే నేను చూపించలేను. షుగరు ఉన్నవాళ్ళకే టీబీ ముప్పు ఎక్కువ. అంటే ఎవరిని జాగ్రత్తగా పరీక్షించాలో వాళ్ళ ఊపిరే అన్నిటికంటే చిక్కుగా ఉంటుంది.

ఇవన్నీ తెలిసినవాళ్ళే ఈ యంత్రాలను తయారుచేశారు, అందుకే హద్దులు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో, అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్ట్‌ఐఆర్ అనే కంపెనీ కోవిడ్ ఊపిరి యంత్రానికి అత్యవసర అనుమతి ఇచ్చింది. విమానంలో చేత్తో పట్టుకెళ్ళే సూట్‌కేసంత ఉంటుంది. ఊపిరిలో ఐదు పదార్థాలను చూసి మూడు నిమిషాల్లోపే చెబుతుంది. 2,409 మంది మీద చేసిన పరీక్షలో, రోగం ఉన్నవాళ్ళలో 91.2 శాతం మందిని పట్టుకుంది, లేనివాళ్ళలో 99.3 శాతం మందిని లేదనే చెప్పింది. అంత మంచి మార్కులు వచ్చినా ఎఫ్‌డీఏ ఏమందో చూడండి. శిక్షణ పొందిన మనిషే దాన్ని నడపాలి, పైన వైద్య సిబ్బంది పర్యవేక్షణ ఉండాలి, డాక్టరు గదుల్లో, ఆసుపత్రుల్లో, సంచార పరీక్షా కేంద్రాల్లో వాడాలి, ఉంది అని చూపిస్తే క్రిమి జన్యువును వెతికే మాలిక్యులర్ పరీక్షతో రూఢి చేసుకోవాలి. 2021 మే నెలలో సింగపూర్ కూడా అక్కడి బ్రెథానిక్స్ యంత్రానికి తాత్కాలిక అనుమతి ఇచ్చి, మలేషియా వైపు సరిహద్దు చెక్‌పోస్టులో పెట్టింది. పెట్టింది గేటు దగ్గరే. కానీ యాంటిజెన్ పరీక్ష మానేసి కాదు, దానితో పాటే. మన దేశంలోనూ 2020లో ఇజ్రాయెల్ వాళ్ళు వచ్చి ఢిల్లీ రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిలో ఊపిరి పరీక్షతో సహా నాలుగు రకాల పద్ధతులు చూసి వెళ్ళారు.

ఒక చిన్న లెక్క చెబుతాను. అంకెలంటే విసుగనిపిస్తే ఈ పేరా దాటెయ్యండి, కానీ అధికారులు మాత్రం దాటెయ్యకూడదు. 2019-21లో జరిగిన జాతీయ టీబీ సర్వేలో పదిహేనేళ్ళు దాటిన లక్ష మందిలో 316 మందికి ఊపిరితిత్తుల టీబీ ఉందని తేలింది. ఆ లెక్కన ద్వారకా బస్టాండులో ఒక పదివేల మంది పెద్దవాళ్ళను ఊదిస్తే, వాళ్ళలో దాదాపు 32 మందికి టీబీ ఉంటుంది. ముందస్తు జల్లెడగా వాడే టీబీ పరీక్షకు కనీసం ఉండాల్సిన మార్కులంటూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో చెప్పినవి రెండు. ఉన్నవాళ్ళలో 90 శాతాన్ని పట్టాలి, లేనివాళ్ళలో 70 శాతాన్ని వదిలెయ్యాలి. అలా సరిగ్గా పాసు మార్కులు తెచ్చుకున్న యంత్రం ఆ 32 మందిలో 29 మందిని పట్టుకుంటుంది. ముగ్గురు ఆకుపచ్చ రంగు చూసుకుని బస్సెక్కుతారు. టీబీ లేని 9,968 మందిలో 2,990 మంది దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంది. సరే, అమెరికా యంత్రంలాగా 99.3 మార్కులు తెచ్చుకుందనే అనుకుందాం. అప్పుడు కూడా ఏ జబ్బూ లేని 70 మందికి ఎర్ర లైటు. అంటే ఎర్ర లైటు వెలిగిన ప్రతి వంద మందిలో డెబ్బై మంది దాకా ఆరోగ్యవంతులే.

దీన్ని తప్పు అనను. మా అమ్మ చేటతో బియ్యం చెరిగేది. పొట్టుతో పాటు నాలుగు మంచి గింజలూ ఎగిరి పడేవి. చెరగడం అయ్యాక కింద కూర్చుని ఆ గింజలన్నీ ఏరి మళ్ళీ చేటలో వేసేది. ఏరే మనిషి లేకుండా చేట ఒక్కటే తెస్తే నష్టం ఎవరికి?

అది నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. కోవిడ్ రెండో ఏడు, మా ఆడపడుచు కోడలు ఒక రొయ్యల కంపెనీలో తొక్క తీసే పనికి వెళ్ళేది. కంపెనీ పేరు అనవసరం. గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు టెంపరేచర్ గన్ను పట్టుకుని ఉండేవాడు. ఆ రోజు షేర్ ఆటోలో చోటు లేక అంచున కూర్చుని, మొహానికి ఎండ కొడుతుండగా వచ్చింది. గన్ను నుదుటి మీద పెడితే వంద దాటింది. "పక్కకి నిలబడు" అన్నాడు. నీడలో ఐదు నిమిషాలు నిలబెట్టి మళ్ళీ చూస్తే సరిపోయేది. చూడలేదు. అందరి ముందూ వెనక్కి పంపారు. మర్నాడు పరీక్ష చేయించుకుంటే నెగెటివ్. ఆ కాగితం పట్టుకుని వెళితే పద్నాలుగు రోజులయ్యాక రమ్మన్నారు. పద్నాలుగు రోజులయ్యాక వెళితే ఆమె బల్ల దగ్గర ఇంకో అమ్మాయి ఉంది. కూలి పోయింది, పని పోయింది. వీధిలో ఆమె ఇంటి ముందు నుంచి నడిచేవాళ్ళు అవతలి పక్క నుంచి నడిచేవాళ్ళు. ఆ గన్ను నడిపిన కుర్రాణ్ణి నేనేమీ అనను, వాడికీ నెల జీతమే. కానీ వాడి దగ్గర ఉన్నవి రెండే పనులు, లోపలికి పంపడం, బయటికి పంపడం. మూడో పని, "అమ్మా, ఇలా కూర్చో, ఇంకో పరీక్ష చేద్దాం" అనేది, ఆ గేటు దగ్గర లేనే లేదు.

ఆ తర్వాత ఏమైందంటే మిగతా ఆడవాళ్ళు తెలివి నేర్చుకున్నారు. గేటుకు ముందున్న కిళ్ళీ బడ్డీ దగ్గర ఆగి, నీళ్ళ బాటిల్‌తో నుదురు తడుపుకుని, కొంగుతో తుడుచుకుని వెళ్ళేవాళ్ళు. నిజంగా జ్వరం ఉన్నామె పారాసిటమాల్ మింగి వెళ్ళేది. జ్వరాన్ని పట్టడానికి పెట్టిన గన్ను జ్వరాన్ని దాచడం నేర్పింది. రేపు ఊపిరి యంత్రం పెడితే మా వాళ్ళు యాలక్కాయ నములుతారు, సోంపు నములుతారు, ఎవరో వాట్సాప్‌లో ఇంగువ నీళ్ళు పుక్కిలించమంటారు. డ్రంక్ అండ్ డ్రైవ్ దగ్గర నేర్చిన విద్యలన్నీ ఇక్కడికి వస్తాయి. జబ్బున్న మనిషే ఎక్కువ దాచుకుంటాడు, ఎందుకంటే పని పోతే నష్టపోయేది అతనే.

ఆ జాతీయ సర్వేలోనే ఇంకో అంకె ఉంది. టీబీ లక్షణాలున్నవాళ్ళలో దాదాపు 64 శాతం మంది అసలు ఏ వైద్యుడి దగ్గరికీ వెళ్ళలేదు. దగ్గే కదా అనుకున్నారు. ఈ మనుషులను లోపలికి రప్పించడం అసలు పని. గేటు దగ్గర ఎర్ర లైటు వాళ్ళను ఇంకా దూరం తరుముతుంది. టీబీ మన దగ్గర ఇంకా మాట్లాడుకోని జబ్బే. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు అత్తకు క్షయ వచ్చిందని తెలిస్తే మాట మార్చేస్తారు. అలాంటి చోట వరుసలో వందమంది చూస్తుండగా యంత్రం బీప్ కొడితే, తర్వాత కఫంలో క్రిమి జన్యువును వెతికే ట్రూనాట్ పరీక్షలో లేదని వచ్చినా ఆ బీప్ మాత్రం ఆమె వెంటే తిరుగుతుంది.

కాబట్టి నేను అడిగేది ఇది. ఆ యంత్రం వస్తే పట్టణ ఆరోగ్య కేంద్రంలో పెట్టండి, మా వార్డులో ఉన్నదాన్లో పెట్టండి, ఛాతీ ఆసుపత్రి ఓపీలో పెట్టండి. దాని పక్కనే ట్రూనాట్ ఉండాలి, దాన్ని నడిపే మనిషి ఉండాలి. గోవాలో పుట్టిన ట్రూనాట్‌కు 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దొరికింది, కరెంటు పోయినా బ్యాటరీ మీద నడుస్తుంది. ఊపిరిలో ఎర్ర లైటు వచ్చిన మనిషి అదే పూట రూఢి పరీక్ష చేయించుకుని ఇంటికి వెళ్ళాలి, రేపు రమ్మంటే రాదు, రేపటి కూలి రేపటిది. ఎక్స్‌రేను మాత్రం పక్కన పెట్టొద్దు. ఆ సర్వేలో ఎక్స్‌రే తియ్యకపోయి ఉంటే 42.6 శాతం కేసులు తప్పిపోయేవి. అంతమంది దగ్గూ జ్వరం లేకుండానే టీబీతో తిరుగుతున్నారన్నమాట. ఇంటింటికీ తిరిగే పోర్టబుల్ ఎక్స్‌రే బండి వెంట ఈ ఊపిరి యంత్రాన్ని కూడా తీసుకెళితే బాగుంటుందని నా ఆశ. కంపెనీల దగ్గర పెట్టి తీరాలంటే, ఎర్ర లైటు వచ్చిన మనిషికి ఆ రోజు కూలి ఎవరిస్తారో ముందు కాగితం మీద రాయండి. తేలిన రోగికి తిండి ఖర్చులకని ప్రభుత్వం నిక్షయ్ పోషణ పథకం కింద నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు, సంతోషం. కానీ అది రోగం తేలినవాళ్ళకు. రోగం లేకుండా ఒక రోజు పోగొట్టుకున్న డెబ్బై మందికి ఏముంది?

ఊదే చోటు గురించి కూడా ఒక మాట. 2020 మార్చిలో పైలట్లకు, విమాన సిబ్బందికి చేసే మద్యం ఊపిరి పరీక్షల్నే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆపేసింది, ఊదడం వల్లే కోవిడ్ అంటుకుంటుందేమోనని. టీబీ గాల్లో తేలుతూ గంటల కొద్దీ ఉండే జబ్బు. ఏసీ గదిలో తలుపులు మూసి వందమందిని వరసగా ఊదిస్తే, పరీక్ష చేసే టెక్నీషియన్ పిల్లకే ముందు వస్తుంది. ఈ పనిలో ఉండగా టీబీ వచ్చి మందులు వాడిన తోటి ఉద్యోగులు నాకు తెలుసు. కిటికీలు తెరవండి, వరండాలో పెట్టండి. సముద్రపు గాలి ఉచితంగా వచ్చే ఊరు మనది. మనిషికో కొత్త గొట్టం ఇవ్వండి, వాడిన గొట్టాలు ఎక్కడ పారేస్తారో కూడా ముందే చూసుకోండి. తెమడ డబ్బాలు ఎక్కడెక్కడ తేలేవో నేను చెప్పక్కర్లేదు.

ఇంజినీరు పిల్లలకు విడిగా. కోవిడ్ రోజుల్లో మీ ఆవరణ నుంచి వెంటిలేటర్లు, పరీక్ష కిట్లు బయటికి వస్తుంటే గర్వపడ్డాను. ఊపిరి యంత్రం కూడా మీరే తయారుచేస్తే ఇంకా గర్వపడతాను. కానీ దానికి మన ఊపిరితో పాఠం చెప్పండి. ఛాతీ ఆసుపత్రిలో టీబీ ఉందని ట్రూనాట్‌లో తేలినవాళ్ళ ఊపిరి, లేదని తేలిన దగ్గువాళ్ళ ఊపిరి, ఉబ్బసం వాళ్ళది, షుగరు వాళ్ళది, చుట్ట తాగేవాళ్ళది, ఉపవాసం ఉన్నవాళ్ళది, ఫిషింగ్ హార్బరులో ఎండుచేపలు అమ్మే ఆమెది, పోర్టు కళాసీది, కొండ దిగి వచ్చిన ఏజెన్సీ మనిషిది. వానాకాలం ఒకసారి, మే నెలలో ఒకసారి. యంత్రం ఎంతమందిని పట్టిందో పోస్టరు వేస్తారు, తెలుసు. ఎంతమందిని వదిలేసింది, ఎంతమందిని ఊరికే భయపెట్టింది అన్నది కూడా అదే సైజు అక్షరాల్లో వెయ్యండి. మేము మైక్రోస్కోపు దగ్గర ఒక్క పలక తప్పు చదివితే పై నుంచి తనిఖీకి వచ్చి మళ్ళీ చదివించేవాళ్ళు. యంత్రానికి ఆ తనిఖీ ఎందుకు వద్దు?

మీకు ఊదడానికి జనం కావాలంటే మొహమాటపడకండి, కబురు పెట్టండి. మా వీధిలోనే అడ్డపొగ తాగే అవ్వలు నలుగురున్నారు. నేను చెబితే వస్తారు, ఊదుతారు, మిమ్మల్ని నాలుగు తిట్టి కూడా వెళతారు. కాకపోతే పొద్దున్న ఎనిమిదిలోపే రావాలి. ఆ తర్వాత చేపలు అమ్ముకోడానికి వెళ్ళిపోతారు, మళ్ళీ చీకటి పడేదాకా దొరకరు.

ఇట్లు,
రిటైరైన ఒక ల్యాబ్ టెక్నీషియన్,
కంచరపాలెం, విశాఖపట్నం